అరటి బోదె, ఎపాక్సీ డబ్బా, మన ప్రాజెక్టు

ఫైనలియర్ మొదలైందంటే మెకానికల్ వాళ్ళకి ఒకటే గోల. బ్యాచ్ ఎవరు, గైడ్ ఎవరు, టైటిల్ ఏంటి? బ్యాచ్ ఎలాగోలా కుదురుతుంది. గైడ్ కుదరకపోతే డిపార్ట్‌మెంటే కుదురుస్తుంది. టైటిల్ దగ్గరే అందరూ ఆగుతారు. అలా ఆగినవాళ్ళలో కనీసం ఒక బ్యాచ్ చివరికి చేరే రేవు ఏంటో మీకూ తెలుసు: "అరటి నారతో బలపరిచిన ఎపాక్సీ కాంపోజిట్ తయారీ, యాంత్రిక ధర్మాల పరిశీలన". అరటి ఉన్నచోట కొబ్బరి పీచు ఉండొచ్చు, వరి ఊక ఉండొచ్చు, తాటి పీచు ఉండొచ్చు. మిగతా టైటిల్‌కి మాత్రం చావు లేదు.

ఆ తర్వాత కథ కూడా తెలిసిందే. నార ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడతారు. అది వేరే రాష్ట్రం నుంచి చక్కగా దువ్వి, ప్యాకెట్‌లో పెట్టి వస్తుంది. ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్, పదికి ఒకటి పాళ్ళు. పలక మీద మైనం పూసి, నార పరిచి, రెజిన్ పోసి, పైన బరువు పెట్టి ఒక రోజు వదిలేస్తారు. మర్నాడు దాన్ని కోసి డాగ్‌బోన్ ముక్కలు చేసి యూటీఎంలో లాగుతారు. పుటుక్కుమంటుంది, గ్రాఫ్ వస్తుంది. రిపోర్టు చివర ఒక వాక్యం పడుతుంది, ఈ పదార్థం పర్యావరణ హితం, చవక, ఆటోమొబైల్ రంగంలో వాడొచ్చు అని. వైవా అయ్యాక ఆ ముక్కలు ల్యాబ్ మూల అట్టపెట్టెలోకి పోతాయి. అక్కడ పాత బ్యాచ్‌ల ముక్కలు వాటికోసం ఎదురు చూస్తూ ఉంటాయి.

ఆ ప్రాజెక్టు చెయ్యొద్దని ఇది రాయట్లేదండి. చెయ్యమనే అంటున్నా. కాకపోతే రావులపాలెం అరటి మార్కెట్‌కి బస్సులో వెళ్ళొచ్చేంత దూరంలో కూర్చుని, అరటి నారని కొరియర్‌లో తెప్పించుకోవడం చూస్తే నాకు నవ్వు, చిరాకు రెండూ వస్తాయి. నార బలంగా ఉంటుందా అన్న ప్రశ్నకి జవాబు ఎప్పుడో వచ్చేసింది. జవాబు రాని ప్రశ్నలు పొలం గట్టు మీదా, వానాకాలం తేమలోనూ, వాడి పారేసిన ప్లాస్టిక్ దగ్గరా ఉన్నాయి. మనం అటు వెళ్ళట్లేదు.

సీఎస్‌ఈ, ఈసీఈ వాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి, కాంపోజిట్ అంటే ఏంటో రెండు ముక్కలు. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, పూరింటి మట్టిగోడ ఎలా పెట్టేవారో. మట్టిలో వరిగడ్డి తరిగి కలిపి, కాళ్ళతో తొక్కి, అప్పుడు గోడ లేపేవారు. ఉత్త మట్టి ఎండితే బీటలు వారుతుంది. గడ్డి పోచలు ఆ బీటకి అడ్డంగా ఉండి రెండు వైపులనీ పట్టుకుంటాయి. మట్టి ఆకారం ఇస్తుంది, గడ్డి పట్టు ఇస్తుంది. మట్టి బదులు ప్లాస్టిక్ పెట్టండి, అంతే. ఇప్పుడు ఆ పట్టు ఇచ్చే పని ఎక్కువగా గాజు నార చేస్తోంది. గాజుని కరిగించి తీగలు లాగడానికి బోలెడు ఇంధనం కావాలి. దాని సాంద్రత 2.5 దాకా ఉంటుంది. మొక్కల నార అందులో సగం బరువు తూగుతుంది. అందుకే ప్రపంచమంతా మళ్ళీ గడ్డి వైపు చూస్తోంది.

ఇక నా మొదటి పేచీ "వ్యర్థం" అన్న మాటతో.

ప్రతి రిపోర్టు మొదటి పేజీలో "వృథాగా పోతున్న వ్యవసాయ వ్యర్థాలు" అని రాస్తాం. గోదారి డెల్టాలో కాసేపు తిరిగితే ఆ మాట అంత తేలిగ్గా రాయబుద్ధి కాదు. ధాన్యం తూకంలో దాదాపు ఐదో వంతు ఊక. ఆ ఊక మిల్లు బాయిలర్‌లోకి వెళ్తుంది, ఇటుక బట్టీకి వెళ్తుంది. తవుడు నూనెకి పోతుంది. సార్వా గడ్డి మేటు వేసి పెట్టుకుంటే ఏడాదంతా గేదెలకి మేత. కొబ్బరి సంగతి చెప్పక్కర్లేదు. మట్టలు తడికలకి, ఈనెలు చీపుళ్ళకి, చిప్పలు బొగ్గుకి, డొక్కలు పీచుకి. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి చెట్టులో పనికిరాని భాగం ఏదో చూపించమంటే చూపించడం కష్టం. చెరుకు పిప్పి ఫ్యాక్టరీ బాయిలర్‌లోనే కాలి కరెంటు అవుతుంది, లేకపోతే కాగితం అవుతుంది. ఇవేవీ ఫ్రీగా పడిలేవు. ఊకనంతా మనం ప్లాస్టిక్‌లో కలిపేస్తే ఆ బాయిలర్‌లో దాని బదులు ఏం వేస్తారు? బొగ్గు వేస్తారు. అప్పుడు మన పర్యావరణ హితం లెక్క ఎక్కడ తేలుతుందో ఎవరైనా వేసి చూశారా?

ఇంకో మాట. ఊక కలిపితే అది బలపరచడం కిందకి రాదు, నింపడం కిందకి వస్తుంది. నార పొడవుగా, సన్నగా ఉంటేనే ప్లాస్టిక్ తన మీద పడ్డ బరువుని దానికి అప్పగించగలదు. ఊక గింజంత పొట్టి. పైగా అందులో సిలికా ఎక్కువ, ఎక్స్‌ట్రూడర్ స్క్రూని ఆకురాయిలా అరగదీస్తుంది. ఊకతో తలుపు చెక్కలు చేస్తున్నారు, అవి బాగానే ఉంటాయి, చెదలు కూడా అంత సులువుగా పట్టవు. కానీ టైటిల్‌లో రీఇన్‌ఫోర్స్‌మెంట్ అని రాసి లోపల ఫిల్లర్ వేస్తే వైవాలో దొరికిపోతారు.

మరి డెల్టాలో నిజంగా ఎవరికీ అక్కర్లేకుండా మిగిలేవి ఏంటి? నా లెక్కలో ముఖ్యంగా మూడు. దాళ్వా కోతల్లో మిషన్ కోసి చేనంతా చల్లేసిన గడ్డి. గెల దిగాక నరికేసిన అరటి బోదె. హస్తాలు కోసేశాక మిగిలే గెల కాడ.

అరటి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన సొంత కేసు. లంక భూముల్లో, గట్టు పొలాల్లో చక్కెరకేళి, కర్పూరం, బొంత తోటలు ఎంత ఉన్నాయో రావులపాలెం యార్డులో గెలల రాశులు చూస్తే తెలుస్తుంది. కొవ్వూరులో అరటి మీద ప్రత్యేకంగా పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానమే ఉంది. అరటి మొక్క ఒక్కసారే గెల వేస్తుంది. గెల దిగాక ఆ బోదె పని అయిపోయినట్టే, పక్కన పిలక లేస్తుంది. బోదెని నరికి గట్టు మీద పడేస్తారు, లేదా మొక్కల మధ్య కుళ్ళబెడతారు. నిజానికి దాని నారతో మనకి పరిచయం పాతదే. పూలమాల కట్టేటప్పుడు దారం బదులు వాడే ఎండిన నార అదే కదా. తడిపితే మెత్తబడుతుంది, ఆరితే బిగుస్తుంది, పువ్వు కాడని కొయ్యదు. ఆ గుణాన్ని మన పూలు కట్టేవాళ్ళు ఏ యూటీఎమ్మూ లేకుండా కనిపెట్టారు.

దీని మీద పరిశోధన కూడా దూరంగా ఎక్కడో జరగలేదు. విజయవాడ వి.ఆర్. సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగానికి చెందిన ఎ.వి. రత్నప్రసాద్, కె. మోహనరావు బృందం 2009లోనే అరటి గెల కాడ నారతో పాలియెస్టర్ కాంపోజిట్లు చేసి ఫలితాలు ప్రచురించింది. గమనించండి, బోదె కూడా కాదు, మార్కెట్‌లో కాలికి తగిలే గెల కాడ. 2011లో అదే ఇద్దరూ జొన్న చొప్ప నార మీద ఇంకో పత్రం రాశారు. జొన్న నార బలం 302 మెగాపాస్కల్, సాంద్రత ఘనమీటరుకి 922 కిలోలు, అంటే నీళ్ళకన్నా తేలిక. జొన్న కాంపోజిట్ తన్యత బలం వెదురు కాంపోజిట్‌కి దాదాపు సమానంగా వచ్చింది, సైసల్ నారతో చేసినదాన్ని దాటింది. పశువులకి వేసే చొప్ప! మన పక్క జిల్లాలో, మనలాంటి కాలేజీలో, మనకి తెలిసిన హ్యాండ్ లేఅప్ పద్ధతిలో, మనం స్కూల్లో ఉన్నప్పుడే ఈ పని అయిపోయింది. ఇప్పుడు అదే పలక మళ్ళీ చేసి, అదే గ్రాఫ్ మళ్ళీ గీసి, నార శాతం 10, 20, 30 అని మూడు గీతలు పెడితే కొత్తగా తెలిసేది ఏముంది?

తెలియాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది నీరు.

మొక్క నార అంటే ముఖ్యంగా సెల్యులోజ్. సెల్యులోజ్‌కి నీళ్ళంటే ప్రాణం. వానాకాలంలో ఇంట్లో చెక్క తలుపు బిగుసుకుపోవడం ఎందుకో అందుకే నార కూడా ఉబ్బుతుంది. ఎండాకాలంలో మళ్ళీ కుంచించుకుంటుంది. అలా ఉబ్బి, తగ్గి, ఉబ్బి, తగ్గి, ప్లాస్టిక్‌తో తన పట్టు వదిలేస్తుంది. మనం ముక్కల్ని పరీక్షించే ప్రామాణిక పరిస్థితి 23 డిగ్రీలు, 50 శాతం తేమ. అమలాపురంలో గానీ భీమవరంలో గానీ శ్రావణ మాసంలో 23 డిగ్రీలు, 50 శాతం తేమ ఎవరైనా చూశారా? ఏసీ గదిలో తీసిన నంబర్ అది. మన ఊళ్ళో అమ్మే వస్తువు గురించి అది చెప్పేది తక్కువ. ఏఎస్‌టీఎం డి570 అని నీటి పరీక్ష ఒకటి ఉంది. దానికి కావాల్సింది ఒక నీళ్ళ గిన్నె, ఒక మంచి తూకం, ఒక ఓవెన్. ముక్కని ఆరబెట్టి తూచి, 24 గంటలు నానబెట్టి, తుడిచి మళ్ళీ తూచడమే. ఇంత చవకైన పరీక్షని వదిలేసిన రిపోర్టులు మన లైబ్రరీలోనే కనిపిస్తాయి. ఎందుకంటే ఆ నంబర్ బాగుండదు. బాగుండని నంబరే ఇక్కడ అసలు సమాచారం.

నీటి గోల తగ్గించడానికి నారని 5 శాతం కాస్టిక్ సోడాలో నానబెడతాం. మైనం, కొంత లిగ్నిన్ కరిగిపోయి నార గరుకవుతుంది, రెజిన్ బాగా పట్టుకుంటుంది. మంచిదే. కానీ నానబెట్టాక మిగిలిన ఆ గోధుమరంగు కషాయం ఎటు పోతుంది? సింకులోకి. కాగితం పరిశ్రమలో ఇలాంటి నల్ల ద్రావణాన్ని మరిగించి, చిక్కబెట్టి, కాల్చి, రసాయనాల్ని మళ్ళీ రాబట్టుకునే ఏర్పాటు ఉంటుంది. మనం పర్యావరణ హితం అని టైటిల్ పెట్టి, ఏ లెక్కా లేకుండా క్షారాన్ని డ్రైనులోకి వదులుతాం. ఎన్ని లీటర్లు వాడామో, ఎంత ఆమ్లం కలిపి తటస్థం చేశామో ఒక పట్టిక వేస్తే ఎంత బాగుంటుంది!

రెండోది, వస్తువు పాడయ్యాక ఏమవుతుంది అన్నది. ఇక్కడ మన ఎపాక్సీ మొహం చెల్లదు. ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు. విడిగా ఉంటే నార కుళ్ళి ఎరువయ్యేది. ఎపాక్సీలో పాతిపెట్టాక అటు ఎరువూ కాదు, ఇటు రీసైక్లింగూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అన్నమాట. దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. తూర్పు జర్మనీలో 1957 నుంచి 1991 దాకా ట్రాబాంట్ అని ఒక కారు చేశారు, దాదాపు 30 లక్షలు. ఉక్కు కొరత వల్ల దాని బాడీ పలకల్ని పత్తి వ్యర్థాలు, ఫినాల్ రెజిన్ కలిపి అచ్చుపోశారు. ఇంజనీరింగ్‌గా చూస్తే అద్భుతం. తుప్పు పట్టదు, తేలిక, సరుకు చవక. దేశాలు కలిసిపోయి జనం వాటిని వదిలేశాక ఆ పలకల్ని ఏం చెయ్యాలో తెలియలేదు. కరగవు, కుళ్ళవు. "వ్యవసాయ వ్యర్థంతో కారు" అన్న మన రిపోర్టు చివరి వాక్యం ఒక దేశం నిజంగానే చేసి చూసిందన్నమాట. తర్వాత గుట్టల్ని ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకుంది.

కాబట్టి కరిగే ప్లాస్టిక్ వైపు రావాలి. అందులోనూ ఒక ఇరుకు ఉంది. 200 డిగ్రీలు దాటితే నార మాడిపోవడం మొదలుపెడుతుంది. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పాలిథిన్ ఇంకా ముందే. ఆ రెండూ పనికొస్తాయి. "వాడేసిన వాటర్ బాటిళ్ళు కరిగించి అరటి నార కలుపుతాం" అని టైటిల్ పెట్టే ఉత్సాహవంతులు ఉంటారు. బాటిల్ ప్లాస్టిక్ కరగాలంటే 250 డిగ్రీలు కావాలి. అప్పటికి లోపల ఉండేది నార కాదు, మసి. బకెట్లు, కుర్చీలు, బిర్యానీ డబ్బాలు అయితే పాలీప్రొపిలీన్, వాటిని తీసుకోండి. ఇంకో చిక్కు, పాలీప్రొపిలీన్‌ది నూనె స్వభావం, నారది నీటి స్వభావం. రెండూ కలవవు. మధ్యలో మాలిక్ అన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపిలీన్ కొద్దిగా వేస్తే, పెళ్ళిళ్ళ పేరయ్యలా అటొక చెయ్యి ఇటొక చెయ్యి పట్టుకుని సంబంధం కుదురుస్తుంది.

సరే, ఇలా చేసి ఎవరైనా సరుకు అమ్మారా? అమ్మారు. ఫోర్డ్ కంపెనీ 2010 మోడల్ ఫ్లెక్స్ కారులో 20 శాతం గోధుమ గడ్డి కలిపిన పాలీప్రొపిలీన్ వాడింది. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ పరిశోధన, ఆంటారియో రైతుల గడ్డి. దాంతో ఏం చేశారో చూడండి. బంపర్ చెయ్యలేదు, చక్రం చెయ్యలేదు. మూడో వరుస సీట్ల దగ్గర సామాను పెట్టుకునే పెట్టె, దాని మూత చేశారు. వాన తగలదు, బరువు పడదు, విరిగినా ఎవరి ప్రాణమూ పోదు. గడ్డికి ఏ పని చేతనవుతుందో అదే అప్పగించారు. నాకు ఈ కేసులో నచ్చింది ఆ అణకువ. 2004లో మెర్సిడెస్ ఏ-క్లాస్‌లో స్పేర్ టైరు గుంట కింది మూతకి అబాకా నార వాడారు. అబాకా ఫిలిప్పీన్స్‌లో పెరుగుతుంది, మన అరటికి స్వయానా దాయాది, ఒకే జాతి. దాయాది బెంజికారు కింద తిరుగుతుంటే మనది కాలవ గట్టున కుళ్ళుతోంది. తేడా నార బలంలో తక్కువ, సేకరణ పద్ధతిలో ఎక్కువ. అబాకాని అక్కడ నార కోసమే పెంచుతారు, ఒలిచి, ఆరబెట్టి, గ్రేడు చేసి అమ్మే వ్యవస్థ తాళ్ళ వ్యాపారం రోజుల నుంచీ ఉంది.

ఇదే మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. సేకరణ. ఒక చిన్న లెక్క వేద్దాం. అరటి ఆరడుగుల ఎడంలో వేస్తే ఎకరానికి సుమారు 1,200 మొక్కలు. బోదె ఒక్కోటి 30 కిలోలు అనుకుందాం. ఎకరానికి 36 టన్నులు. అందులో తొంభై శాతం పైన నీరే. నార వంద కిలోలకి కిలో వస్తే గొప్ప. అంటే 36 టన్నులు నరికి, మోసి, మిషన్‌లో పెడితే చేతికొచ్చేది 360 కిలోలు. మిగతా 35 టన్నుల పైచిలుకు నీళ్ళూ, గుజ్జూ. బోదెల్ని లారీలో ఫ్యాక్టరీకి తీసుకెళ్దాం అని ఎవడైనా బిజినెస్ ప్లాన్ రాస్తే, వాడు నీళ్ళ ట్యాంకర్ వ్యాపారం చేస్తున్నాడన్నమాట. డీజిల్ ఖర్చుకే నార ధర సరిపోతుంది. కాబట్టి మిషనే తోటలోకి వెళ్ళాలి. ట్రాక్టర్ వెనక కట్టుకునేలా, లంకల్లోకి పడవ మీద దాటించగలిగేంత చిన్నగా, ఇద్దరు మనుషులు చేతులు తెగకుండా నడపగలిగేలా. నార తీసే మిషన్లు దేశంలో ఇప్పటికే ఉన్నాయి, తిరుచ్చిలో జాతీయ అరటి పరిశోధన కేంద్రం చాలాకాలంగా దీని మీద పని చేస్తోంది. కానీ మన నల్లమట్టి బురదలో, మన గట్ల మీద నడిచే మిషన్ గురించి ఆలోచించాల్సింది మనమే. ఇది కదండీ మెకానికల్ ప్రాజెక్టు అంటే! డిజైన్ ఉంది, తయారీ ఉంది, భద్రత ఉంది. పలక కోసి లాగడంలో ఇందులో సగం కూడా లేదు.

మిగిలిన ఆ 35 టన్నుల సంగతి కూడా వదలకూడదు. అరటి బోదెలో పొటాష్ దండిగా ఉంటుంది. బోదె పొలంలో కుళ్ళితే అది మళ్ళీ మట్టికే చేరుతుంది. మనం ఎత్తుకుపోతే రైతు ఆ మేరకు పొటాష్ బస్తా కొనాలి, మన దేశం పొటాష్‌ని దాదాపు అంతా విదేశాల నుంచే తెచ్చుకుంటోంది. గుజరాత్‌లో నవ్‌సారి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ చిక్కుని మంచి దారిలో పట్టుకున్నారు. నార తీయగా మిగిలిన బోదె రసాన్ని ద్రవ ఎరువుగా తయారు చేశారు. తోటలోనే నార తీస్తే రసం, గుజ్జు తోటలోనే ఉంటాయి. నార ఒక్కటే ఊరు దాటుతుంది. మోసేది తగ్గింది, మట్టికి నష్టమూ తగ్గింది.

దాళ్వా గడ్డి కథ వేరు. అక్కడ బరువు సమస్య లేదు, టైం సమస్య ఉంది. మిషన్ కోసి వెళ్ళాక చెల్లాచెదురుగా పడ్డ గడ్డిని కట్టలు కట్టించాలంటే బేలర్ కావాలి, కూలి కావాలి. తర్వాతి పంటకి చేను ఖాళీ చెయ్యాలి. అగ్గిపుల్ల చవక. పైగా డెల్టాలో దున్నేవాళ్ళలో ఎక్కువమంది కౌలు రైతులు. గడ్డికి ధర పలకడం మొదలైన రోజు ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది, కౌలు రైతుకా, భూమి గలవారికా, కట్టలు కట్టే మిషన్ ఉన్నవారికా? "రైతులకి అదనపు ఆదాయం" అని రాసే ముందు ఏ రైతుకి అని ఒకసారి అడగాలి. అది మన సిలబస్‌లో లేదంటారేమో. కానీ మనం రిపోర్టులో రాస్తున్నాం కదా.

ఇక దేంతో ఏం చెయ్యాలి అన్నదానికి నా ఓటు కడియం నర్సరీలకి. కడియపులంక చుట్టుపక్కల నుంచి దేశమంతా మొక్కలు వెళ్తాయి. ఆ మొక్కలు ఎక్కువగా నల్ల పాలిథిన్ కవర్లలోనో, ప్లాస్టిక్ కుండీల్లోనో వెళ్తాయి. నాటేటప్పుడు కవరు చింపి అక్కడే పారేస్తారు. ఇక్కడ మన నార బలహీనతే బలం అవుతుంది. నీళ్ళు పీల్చడం, కొన్ని నెలలకి కుళ్ళడం, ఇవే కదా నారకి ఉన్న జబ్బులు? కుండీకి అవే కావాలి. అయితే ఒక షరతు. మట్టిలో పాతే కుండీలో పాలీప్రొపిలీన్ వాడకూడదు, నార కుళ్ళాక ప్లాస్టిక్ ముక్కలు ముక్కలై మట్టిలో మిగులుతుంది, అది కవరు కన్నా అన్యాయం. అక్కడ గంజి పిండి, రబ్బరు పాలు, లేదా మట్టిలో కలిసే పాలిమర్ వాడాలి. కొబ్బరి పీచుకి రబ్బరు పాలు పూసిన కుండీలు ఇప్పటికే మార్కెట్‌లో ఉన్నాయి. వాటి ధర ముందు నల్ల కవరు దాదాపు ఉత్తినే వచ్చినట్టు. ఆ ధర ఎలా దిగుతుంది అన్నదే ప్రశ్న, అందుకే అది మంచి ప్రాజెక్టు.

వద్దు అనేది కూడా చెప్పాలి. రొయ్యల ట్రేలు, చేపల క్రేట్లు మన ఏరియాలో బోలెడు అమ్ముడవుతాయి కాబట్టి వాటికి నార కలుపుదాం అనుకోకండి. రోజంతా నీళ్ళల్లో, ఐసులో ఉండి, లారీలోంచి విసిరేసే వస్తువది. నార దాన్ని ఆదుకోలేదు. ఫాల్స్ సీలింగ్, కుర్చీ అడుగు పలక, బీరువా అర, లోపలి తలుపు, ఇలాంటి పొడి చోట్లకి అరటి నార, గడ్డి పనికొస్తాయి. దెబ్బ తగిలే చోటికి కొబ్బరి పీచు. దాని లోపల సెల్యులోజ్ పోగులు స్ప్రింగులా ఎక్కువ వాలుగా చుట్టుకుని ఉంటాయి, అందుకే బలం తక్కువైనా తెగేముందు బాగా సాగుతుంది. అరటి నారలో అవి దాదాపు నిలువుగా ఉంటాయి, బలం ఎక్కువ, సాగడం తక్కువ. రెండూ మన దగ్గరే ఉన్నాయి. కలిపి వాడొచ్చు కూడా.

"ఇవన్నీ బానే ఉన్నాయిరా, మార్కులు ఎవరిస్తారు? గ్రాఫ్ లేకపోతే ఎక్స్‌టర్నల్ ఊరుకుంటాడా?" అని మా బ్యాచ్‌లోనే ఒకడు అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ప్లేస్‌మెంట్లు, గేట్ కోచింగు, బ్యాక్‌లాగులు, వీటి మధ్య ప్రాజెక్టుకి మిగిలేది శనివారాలు. ఆన్‌లైన్ ప్యాకెట్టు అందుకే గెలుస్తోంది. కానీ నేను చెప్పేవాటిలో గ్రాఫ్ లేనిది ఏదీ లేదు. వంద కిలోల బోదెకి ఎంత నార, ఏ రకానికి ఎంత, బొంతకా కర్పూరానికా, కోసిన ఎన్ని రోజులకి ఎంత తగ్గుతుంది, ఇదొక గ్రాఫ్. నీటిలో నానిన రోజులు అడ్డంగా, మిగిలిన బలం నిలువుగా, ఇదొక గ్రాఫ్. కిలో నారకి ఎంత డీజిల్, ఎంత కూలి, ఇదొక పట్టిక. కర్పూరం బోదెకీ బొంత బోదెకీ మన మట్టిలో నార ఎంత తేడాగా వస్తుందో కొలిచిన బ్యాచ్‌కి ఏ ఎక్స్‌టర్నల్ అయినా కుర్చీ వేసి వింటాడు. ఖర్చు కూడా తక్కువే. ఎపాక్సీ డబ్బా ధరతో రావులపాలానికి నలుగురు చాలాసార్లు వెళ్ళి రావచ్చు, దారిలో టీతో సహా.

ఇక క్యాలెండర్ చూసుకోండి. వానలు తగ్గకముందే నీటి పరీక్ష ఒక విడత చేసేస్తే తేమ గదికి వేరే ఖర్చు ఉండదు, కిటికీ తెరిస్తే చాలు. సార్వా కోతలు నవంబర్, డిసెంబర్‌లో, గడ్డి శాంపిళ్ళు అప్పుడే తెచ్చుకోవాలి. అరటి గెలలు ఏడాది పొడవునా దిగుతాయి కాబట్టి గెల కాడలకి సీజన్ బెంగ లేదు. దాళ్వా గడ్డి మీద చెయ్యాలనుకుంటే మాత్రం చిక్కే. ఆ కోతలు ఏప్రిల్‌లో, మన వైవాలూ ఇంచుమించు అప్పుడే. దానికి థర్డియర్ వాళ్ళు ఎవరైనా ఇప్పటి నుంచే జత కలిస్తే, ఈ ఏప్రిల్‌లో గడ్డి తెచ్చి ఆరబెట్టి పెట్టుకుని, వచ్చే ఏడాదికి పని మొదలుపెట్టొచ్చు. గోనె సంచులు మా ఇంట్లో ఉన్నాయి.